టెక్ సందేహాలు: కొన్నది మనం, పెత్తనం ఎవరిది?

ప్రశ్న: ల్యాప్‌టాప్ కొని రెండు నెలలైంది. ‘మీ కంప్యూటర్లో 5 వైరస్‌లున్నాయి, సబ్‌స్క్రిప్షన్ ముగిసింది, వెంటనే రెన్యూ చేసుకోండి’ అని కుడివైపు కింది మూలన పదే పదే వస్తోంది. ట్రయల్ యాంటీవైరస్ తీసేసినా ఆగడం లేదు. డబ్బు కట్టేయమంటారా?

కట్టొద్దు. ముందు ఆ పెట్టె ఎవరు పంపుతున్నారో చూడండి. చిన్న అక్షరాల్లో ‘గూగుల్ క్రోమ్’ అనీ, దాని పక్కనో కిందో ఏదో వెబ్‌సైట్ పేరూ కనిపిస్తే అది యాంటీవైరస్ హెచ్చరిక కాదు, బ్రౌజర్ నోటిఫికేషన్. యాంటీవైరస్ తీసేశాకా వస్తోందంటే ఎక్కువగా ఇదే. సినిమాల డౌన్‌లోడ్ సైటులో ‘మీరు రోబో కాకపోతే Allow (అనుమతించు) నొక్కండి’ అని ఉంటే ఇంట్లో ఎవరో నొక్కి ఉంటారు. ఆ ఒక్క నొక్కుతోనే ఆ సైటుకు మీ స్క్రీన్ మీద ఏదైనా రాసే అనుమతి దక్కింది. లోగో మాత్రం పేరున్న కంపెనీది పెడతారు.

క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరకూ వెళ్లండి. అనుమతి ఉన్న సైట్ల జాబితాలో తెలియని ప్రతి పేరునూ బ్లాక్ చేయండి. రిమూవ్ కొడితే ఆ సైటు మళ్లీ అడగగలదు, బ్లాక్ చేస్తే అడగలేదు. ఎడ్జ్‌లో అయితే సెట్టింగ్స్ పైనున్న వెతికే పెట్టెలో ‘నోటిఫికేషన్స్’ అని కొడితే చాలు.

పెట్టె మీద నిజంగా యాంటీవైరస్ పేరే ఉంటే అన్‌ఇన్‌స్టాల్ సగంలో ఆగిందన్నమాట. మెకాఫీకి ఎంసీపీఆర్ అనీ, నార్టన్‌కు రిమూవ్ అండ్ రీఇన్‌స్టాల్ అనీ వాళ్లవే తుడిచే టూల్స్ ఉన్నాయి. కంపెనీ సైటు నుంచే దించుకోండి. నార్టన్ టూల్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ‘రిమూవ్ ఓన్లీ’ ఎంచుకోకపోతే తీసినదాన్నే మళ్లీ వేస్తుంది! రీస్టార్ట్ అయ్యాక విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ తెరవండి. వేరే యాంటీవైరస్ ఉన్నంతసేపూ పక్కకు తప్పుకునే డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్), అది పోగానే తనంతట తానే పని మొదలుపెడుతుంది. అక్కడ ఇంకా పాత పేరే కనిపిస్తే టూల్ మరోసారి నడపాలి.

లేని వైరస్ చూపించి డబ్బు గుంజడం మన దేశంలో చట్టవిరుద్ధం కూడా. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మాయచేసే ఆన్‌లైన్ ఎత్తుగడల) మార్గదర్శకాల్లోని 13 రకాల్లో ఇదొకటి. వద్దన్నా విసిగిస్తూ ఉండటమూ అందులో ఉంది. స్క్రీన్‌షాట్ తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు ఇప్పటికే పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

ప్రశ్న: కంపెనీ వేసిచ్చిన చెత్తంతా పోయేలా విండోస్ కొత్తగా వేసుకోవచ్చా? ప్రొడక్ట్ కీ ఇవ్వలేదు.

నిక్షేపంగా వేసుకోవచ్చు. కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. ముందు సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో ‘రీసెట్ దిస్ పీసీ’ చూడండి. ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకున్నాక చేంజ్ సెట్టింగ్స్‌లో ‘ప్రీఇన్‌స్టాల్డ్ యాప్స్ తిరిగి వేయాలా’ అన్న ప్రశ్న ఉంటే ‘నో’ పెట్టండి. ‘ఎస్’ పెడితే పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకనబెట్టుకున్నట్టే. ఆ ప్రశ్నే కనిపించకపోతే 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ ఎక్కించి మొదటి నుంచీ వేయాలి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది.

చిక్కులు వచ్చేది ఇక్కడే. 11వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఇన్‌స్టాల్ మధ్యలో డిస్కే కనబడదు. డిస్క్ పాడవలేదు, దానికి ముందున్న వీఎండీ కంట్రోలర్‌కు (డిస్క్‌ను నడిపే ఇంటెల్ ఏర్పాటు) డ్రైవర్ లేదంతే. ల్యాప్‌టాప్ కంపెనీ సైటులో ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, జిప్ విప్పి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ‘లోడ్ డ్రైవర్’ కొట్టండి. వైఫై డ్రైవర్ కూడా దగ్గరుంచుకోండి. ల్యాప్‌టాప్‌తో ఆఫీస్ వచ్చి ఉంటే తుడవకముందే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాతో యాక్టివేట్ చేయండి.

అంతా తుడిచినా తయారీదారు యాప్ మళ్లీ ప్రత్యక్షమైతే హడలిపోకండి. ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్, బయోస్ అంటారు) నుంచే ప్రోగ్రాం ఎక్కించే దారిని విండోస్ తెరిచే ఉంచింది. దాని పేరు డబ్ల్యూపీబీటీ. 2015లో లెనోవో సర్వీస్ ఇంజిన్ ఇలాగే తిరిగొచ్చేది, తీయడానికి బయోస్ అప్‌డేట్ కావాల్సొచ్చింది. అసుస్ మదర్‌బోర్డుల బయోస్‌లో ఆర్మరీ క్రేట్ (అసుస్ సొంత యాప్) డౌన్‌లోడ్ అని ఒక వరుస ఉంటుంది, దాన్ని డిసేబుల్ చేయండి. అంతకుముందు 2014 సెప్టెంబరు నుంచి కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లలో వచ్చిన సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రాం మరీ ఘోరం. ప్రోగ్రాం తీసినా అది నాటిన రూట్ సర్టిఫికెట్ (ఏ సైటు అసలుదో కంప్యూటర్ నమ్మడానికి ఆధారం) అలాగే ఉండిపోయేది. అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఆ సర్టిఫికెట్ తాళంచెవి ఒక్కటే కావడంతో, అది దొరికినవాడు బ్యాంకు సైటుకూ నకిలీ తయారుచేయగలిగేవాడు.

ప్రశ్న: ఎడ్జ్‌ను తీసేసే దారుందా?

ఐరోపాలో ఉంది. డిజిటల్ మార్కెట్స్ చట్టం పుణ్యమాని 2024 మార్చి నుంచి అక్కడివాళ్లు అన్‌ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. అదే విండోస్‌లో మనకు మాత్రం ఆ బటన్ పనిచేయదు. సాంకేతిక అడ్డంకేమీ లేదని దీంతోనే తేలిపోతోంది. బలవంతంగా పీకేసే టూల్స్ జోలికి వెళ్లకండి. యాప్‌లలో వెబ్ పేజీలు చూపించే వెబ్‌వ్యూ2 కూడా పోతే టీమ్స్, కొత్త అవుట్‌లుక్ తెరుచుకోవు. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ అండ్ పెర్ఫార్మెన్స్ కింద ‘స్టార్టప్ బూస్ట్’నూ, మూసేశాక కూడా వెనకాల నడిచే సౌకర్యాన్నీ ఆపేసి, డిఫాల్ట్ యాప్స్‌లో మీకు నచ్చిన బ్రౌజర్ పెట్టుకోండి.