గ్రీన్‌హౌస్ సాగుకి ఆన్‌లైన్ హార్టికల్చర్ కోర్సులు నిజంగా పనికొస్తాయా, సర్టిఫికెట్‌కి విలువుంటుందా?

పనికొస్తాయండి, కానీ లోపల పంట ఉండగా చేస్తేనే. ముందు కోర్సు చేసేసి తర్వాత షెడ్డు వేద్దాం అనుకుంటే మాత్రం ఆగండి, మొక్క కళ్లముందు లేకుండా ఈసీ (నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత), పీహెచ్ (ఆమ్లం, క్షారం కొలత) అని ఎన్ని గంటలు విన్నా తలకెక్కదు, క్విజ్‌లో టిక్కులు మాత్రం కరెక్టుగా పడిపోతాయి.

నాకు జరిగింది చెప్తా. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) బ్యాగుల్లో టమాటా వేస్తే, ఒక మూల వరసల్లో కాయల అడుగు నల్లబడి తోలులా అయిపోతోంది. చూసినవాళ్లంతా కాల్షియం లోపం, స్ప్రే కొట్టేయ్ అన్నారు. అప్పుడు చేస్తున్న కోర్సులో లైవ్ క్లాసుండేది, ఫొటో పెడితే సార్ కాయ సంగతే ఎత్తలేదు, "బ్యాగులోంచి కిందకి కారే నీళ్ల ఈసీ ఎంతుంది, చూసి చెప్పండి" అన్నారు. సరేనని ఆ వరసలో బ్యాగు కింద ట్రే పెట్టా, ఒక డ్రిప్పర్ ఊడదీసి సీసాలో పెట్టా. సాయంత్రం చూస్తే సీసాలో నీళ్ల ఈసీ 2.5, ట్రేలోవాటిది 5 దాటింది, అదీ ట్రే అడుగు తడిసేన్ని నీళ్లే. బ్యాగు కన్నం చుట్టూ తెల్లటి ఉప్పు పొర, గోరుతో గీకితే పొడిగా రాలుతోంది. ట్యాంకులో కాల్షియం బోలెడుంది, కానీ అది నీళ్లతోపాటే పైకెక్కాలి, వేరు చుట్టూ ఉప్పు పేరుకుంటే మొక్క నీళ్లు లాగలేదు, లాగిన కాస్తా ఆకులకే పోతుంది, కాయదాకా రాదు. తీరా చూస్తే అక్కడి డ్రిప్పర్లు సగం పూడిపోయున్నాయి. అవి మార్చి, ఇచ్చిన నీళ్లలో 20-30 శాతం బయటికి కారేలా పెంచాక కొత్త కాయలు శుభ్రంగా వచ్చాయి. నల్లబడినవి ఎలాగూ బాగుపడవు, తెంపి పారేయడమే.

ఇదంతా రికార్డెడ్ వీడియోలో లేదా అంటే ఉంది, ఎక్కడో ఒక స్లైడులో, ఒక లైను. మిగతా టైమంతా తెల్లకోటు వేసుకుని ట్యాబ్ పట్టుకుని నవ్వుతూ వరసల మధ్య నడిచే మనిషిని చూపిస్తారు. పీహెచ్ మీటరుని 4, 7 బఫర్లలో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాల్లో) ముంచి సరిచూసుకోవడం మాత్రం ఎవరూ చేసి చూపించరు, మీటరే తప్పు చెప్తుంటే ఇంక కోర్సెందుకు? కాల్షియం నైట్రేట్‌ని సల్ఫేట్, ఫాస్ఫేట్ ఎరువులతో ఒకే ట్యాంకులో చిక్కగా కలిపితే తెల్లగా విరిగి డ్రిప్పర్లు మూసుకుపోతాయని చెప్తారు, ఆ విరిగిన నీళ్లు ఒక గ్లాసులో చూపిస్తే జన్మలో మర్చిపోంగా!

ఇంకోటి, ప్రతి కోర్సువాడూ నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ యూనివర్సిటీ పెట్టిన గ్రీన్‌హౌస్ పోటీ గురించి ఊదరగొడతాడు. 2018లో అక్కడ దూరం నుంచి ఏఐతో కీరదోస పెంచిన టీమ్, అనుభవమున్న పెంపకందార్ల కంటే ఎక్కువ లాభం తీసిన మాట నిజమే. కానీ అక్కడ కాయలు కోసింది, తీగలు సర్దింది మనుషులేనండీ బాబూ, ఆ ముక్క ఎవరూ చెప్పరు.

సర్టిఫికెట్ అంటారా, వేరేవాళ్ల దగ్గర ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి పనికొస్తుందేమో, సొంతంగా పండించుకునేవాళ్లకి దాంతో పనేంటి? డబ్బు కట్టేముందు ఒక్కటే అడగండి, మన రీడింగులు పంపితే చూసి మాట్లాడే మనిషి ఉన్నాడా లేడా అని. లేడంటే ఆ వీడియోల్లాంటివి ఫ్రీగానే బోలెడు దొరుకుతాయి.