పుకారు మీద కేసు నిలవదు, అడ్వాన్సు మీద నిలుస్తుంది

ప్రశ్న: మాది ఖమ్మం. 2023 ఆగస్టు 14న హైదరాబాద్‌లో ఒక సెల్ షాపులో ఐఫోన్ 15 ప్రో కోసం రూ.25 వేలు అడ్వాన్స్ కట్టాను. అప్పటికి ఆ ఫోను విడుదల కాలేదు. పక్షవాతం వచ్చాక మా నాన్నగారికి కుడిచేతి వేళ్లలో పట్టు తగ్గింది. కొత్త మోడల్‌లో నొక్కే బటన్లు ఉండవని, వేలు ఆనిస్తే చాలని యూట్యూబ్‌లో చూశాను. షాపు ఆయన కూడా అవునన్నాడు. తీరా సెప్టెంబరు 12 రాత్రి ఫోను ప్రకటిస్తే మామూలు బటన్లే. మర్నాడే వద్దని మెసేజ్ పెట్టాను. 'చూద్దాం అన్నా' అన్నాడు. 26న 'అడ్వాన్స్ నాన్ రిఫండబుల్' అని తేల్చేశాడు. నాన్నకు ముఖం చూపించలేకపోయాను. ఆపిల్, యూట్యూబర్, షాపు ముగ్గురి మీదా కేసు వేయవచ్చా? సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి మోసం అని చెబితే షాపు ఖాతా ఫ్రీజ్ అవుతుందని, దెబ్బకు డబ్బు తెచ్చిస్తాడని ఫ్రెండ్ అంటున్నాడు. స్క్రీన్‌షాట్లు జత చేస్తున్నాను. నేను వద్దన్నాక సిగ్గు లేకుండా 'సోల్డ్ అవుట్' అని స్టేటస్ కూడా పెట్టుకున్నాడు. ఆ చాట్ ఉన్న పాత ఫోను ఇప్పుడు మా బావమరిది వాడుతున్నాడు. (2025 జులై మొదటి వారంలో అందిన ఉత్తరం)

జవాబు: నాన్నగారి విషయం వినియోగదారుల కమిషన్‌కు ఒక పేరాలో చెబితే చాలు. మీ కేసును తేల్చేది మీరు కోపంతో తీసిపెట్టుకున్న ఆ 'సోల్డ్ అవుట్' స్క్రీన్‌షాట్. దాని సంగతికి వస్తాను. ముందు మీరు గట్టిగా పట్టుకున్న కొమ్మ ఎందుకు విరుగుతుందో చెప్పాలి.

ఆపిల్‌ను వదిలేయండి. విడుదల కాని ఫోను గురించి ఆ కంపెనీ మీకు ఏ మాటా ఇవ్వలేదు. కదలని బటన్ల కబురు 2022 అక్టోబరులో మింగ్-చీ కువో అనే విశ్లేషకుడి నోట వచ్చింది. అదే కువో 2023 ఏప్రిల్‌లో, సాంకేతిక ఇబ్బందుల వల్ల ఆ ఆలోచన మానుకున్నారని, మామూలు బటన్లే ఉంటాయని చెప్పాడు. అంటే మీరు డబ్బు కట్టడానికి నాలుగు నెలల ముందే, పుకారు పుట్టించినవాడే దాన్ని వెనక్కి తీసుకున్నాడు. మీరు చూసింది పాత వీడియో. టైటానియం, టైప్-సి పోర్టు, యాక్షన్ బటన్ గురించి వచ్చిన పుకార్లు నిజమయ్యాయి కాబట్టి ఇదీ నిజమవుతుందనుకున్నారు. పాతిక వేలు పంపేముందు ఆ వీడియో ఎప్పటిదో చూసుకోవడానికి ఎంతసేపు పట్టేది?

ఇది మందలింపు కోసం మాత్రమే అడగడం లేదు. తప్పుడు మాట నమ్మి ఒప్పుకున్న ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 ఇస్తుంది. మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలున్నా తెలుసుకోనివారికి ఆ హక్కు లేదనే మినహాయింపు కూడా ఆ సెక్షన్ కిందే ఉంది. షాపు తరఫు లాయరు మొదట తెరిచేది ఆ పేజీనే.

అంతకంటే ఇబ్బందికరమైనది మీ చాటే. ఆగస్టు 14 సాయంత్రం మీరు వీడియో లింకు పంపి 'ఇది నిజమేనా అన్నా' అని అడిగారు. ఆయన బొటనవేలు ఎత్తిన ఎమోజీ ఒకటి పెట్టాడు. పది నిమిషాల్లో మీరు డబ్బు పంపారు. 'పక్కా, గ్యారంటీ' అన్న మాట 16వ తేదీది. డబ్బు చేతులు మారాక ఇచ్చిన భరోసాను చూసి డబ్బు కట్టానంటే ఎవరు ఒప్పుకుంటారు? ఇక ఆ ఎమోజీ విషయానికొస్తే, 'లింకు అందింది' అని చెప్పడానికి పెట్టానంటాడు. మీరు పంపిన వాటిలో ఒకదానికి తేదీ ఉన్న పైభాగం కత్తిరించి ఉంది. కావాలని చేశారో, పొరపాటున జరిగిందో నేను అడగను. కమిషన్ ముందు మాత్రం అలాంటి కాగితం పెట్టకండి. ఆ చాట్ అవతలివాడి ఫోనులోనూ ఉంటుంది.

యూట్యూబర్‌కు మీరు పైసా ఇవ్వలేదు, అతను మీకు ఏమీ అమ్మలేదు. ఆ వీడియో కింద షాపు లింకో, డిస్కౌంటు కోడో ఉంటే అది డబ్బు తీసుకుని చేసిన ప్రచారం కావచ్చు, అప్పుడు విషయం వేరు. మీ స్క్రీన్‌షాట్‌లో అలాంటిదేమీ కనిపించడం లేదు.

ఇప్పుడు అసలు కేసుకు వద్దాం. ఆగస్టు 14న మీకూ షాపుకూ మధ్య ఖాయమైంది ఏమిటి? మోడల్ ప్రకటించలేదు, ధర తెలియదు. రూ.1,34,900 అన్నది సెప్టెంబరు 12న గానీ తేలలేదు. రసీదు లేదు. అడ్వాన్స్ తిరిగి ఇవ్వబోమన్న షరతు ఆ రోజు ఎవరూ చెప్పలేదు, మొత్తం చాట్‌లో ఆ మాట మొదటిసారి కనిపించేది 26న. ఈలోగా 13న, అంటే ఇక్కడ అమ్మకాలు మొదలైన 22వ తేదీకి తొమ్మిది రోజుల ముందే, మీరు వద్దన్నారు. 24న ఆయన 'ఫస్ట్ లాట్ సోల్డ్ అవుట్' అని స్టేటస్ పెట్టాడు. మీ కోసం తెప్పించిన ఫోను వేరొకరు కొనుక్కున్నారు. మరి ఆయనకు పోయిందేమిటి?

ఆ ప్రశ్న నాది కాదు, సుప్రీంకోర్టుది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 కింద అవతలి పక్షం డబ్బు జప్తు చేసుకోవాలంటే నష్టం జరిగి ఉండాలని 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో తేల్చి చెప్పింది. షరతే లేని చోట, నష్టమే లేని చోట రూ.25 వేలు అట్టిపెట్టుకోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపంగా, అనుచిత వ్యాపార పద్ధతిగా ఫిర్యాదులో చూపించండి. రసీదు ఇవ్వలేదన్నదీ రాయండి. 'అన్యాయమైన ఒప్పందం' అన్న మాట మాత్రం వాడకండి. చట్టంలో దానికి వేరే అర్థం ఉంది, ఆ ఫిర్యాదులు రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఆ ఒక్క మాట పట్టుకుని మీ కాగితాలు వెనక్కి పంపించే ప్రయత్నం చేస్తారు.

ఇక తేదీలు. దాదాపు రెండేళ్లు నిద్రపోయి జులైలో నాకు ఉత్తరం రాశారు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 కింద ఫిర్యాదుకు మీకున్నది వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్లే. మన లెక్కలో అది 2023 సెప్టెంబరు 26, ఆయన కాదన్న రోజు. అవతలి లాయరు మాత్రం డబ్బు కట్టిన రోజు నుంచే లెక్క మొదలుపెడతాడు. ఆ వాదన గెలవకపోవచ్చు, కానీ దానికి చోటెందుకివ్వాలి? ఆగస్టు 13 లోపు ఫిర్యాదు దాఖలైపోవాలి. ఎదుటి పక్షం అడిగినా అడగకపోయినా కాలపరిమితిని కమిషనే చూసుకోవాలని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఎవరూ గమనించరులే అనుకోకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా, లాయరు నోటీసు ఇచ్చినా ఆ గడియారం ఆగదు. నోటీసు ఇవ్వండి, పది రోజుల గడువు పెట్టండి, జవాబు కోసం అంతకుమించి ఒక్క రోజు కూడా ఆగకండి.

మీ ఫ్రెండ్ చెప్పిన 1930 సలహా జోలికి వెళ్లవద్దు. షాపుకు వెళ్లి, మాట్లాడి, మీ చేత్తో మీరే పంపిన డబ్బు సైబర్ దొంగతనం కాదు. అలా అని అబద్ధం చెప్పి పోలీసుల చేత ఒకరి ఖాతా ఆపించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 217 కింద నేరం. ఏడాది జైలు, పది వేల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇప్పుడు మీరు బాధితుడు, ఆ ఫోన్ చేశాక నిందితుడు. పైగా 'బ్యాంకు ఖాతా ఆపించి బెదిరించాడు' అనే జవాబును షాపు చేతికి మీరే అందించినవారవుతారు. మామూలు చీటింగ్ కేసుకైనా మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. షాపు దగ్గర ఫోను నిజంగానే వచ్చి అమ్ముడుపోయింది, ఇక ఆ ఉద్దేశం ఎక్కడ చూపిస్తారు?

బావమరిది దగ్గరున్న ఫోనును ఈ రోజే తెచ్చుకోండి. ఫార్మాట్ చేయనివ్వకండి, వాట్సాప్ అప్‌డేట్ కూడా చేయకండి. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి తేదీలతో ప్రింటు తీయండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యం కాబట్టి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయండి. అందులో మీరు సంతకం చేసే భాగం ఒకటి, నిపుణుడు చేసేది ఇంకొకటి. జిల్లా కమిషన్ అఫిడవిట్లు, పత్రాల మీదే విచారణ నడుపుతుంది కాబట్టి కాగితం బలంగా ఉండాలి. బ్యాంకు నుంచి ఆగస్టు నెల స్టేట్‌మెంటు తీసుకుని ఆ యూపీఐ లావాదేవీ దగ్గర గుర్తు పెట్టండి. డబ్బు అందుకున్న పేరు షాపుది కాదు, ఒక వ్యక్తిది. కౌంటర్ మీద ఎవరి క్యూఆర్ కోడ్ ఉందో గమనించకుండా పంపేశారు. 'మా ఖాతాలో పడలేదు' అని షాపు తప్పించుకోకుండా ఆ వ్యక్తినీ, షాపునూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి.

హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. మీరు నివసించే చోటే వేసుకునే వీలు 2019 చట్టం ఇచ్చింది, ఖమ్మం జిల్లా కమిషన్ చాలు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. మీరు కట్టింది అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, కానీ ఫిర్యాదు ప్రతిని ఒకసారి ఎవరికైనా చూపించండి. రూ.25 వేలు, 2023 సెప్టెంబరు 26 నుంచి వడ్డీ, ఖర్చులు, మానసిక వేదనకు ఒక మోస్తరు మొత్తం అడగండి. అయిదు లక్షల పరిహారం అడిగితే మీ పాతిక వేల మీద ఉన్న నమ్మకం కూడా పోతుంది.

నోటీసు అందగానే షాపు ఆయన 'అదే విలువకు వేరే ఫోను తీసుకో అన్నా' అనవచ్చు. మీకు ఇష్టమైతే తీసుకోండి, ఫోను చేతికొచ్చి బిల్లు మీ పేర పడేదాకా ఫిర్యాదు మాత్రం ఆపకండి. డబ్బే ఇస్తానంటే నగదు వద్దు, బ్యాంకులో వేయమనండి. ముందే సంతకం పెట్టించుకునే 'నాకు బాకీ లేదు' కాగితం మీద డబ్బు జమ అయ్యేదాకా సంతకం చేయకండి.