పగలగొట్టించకముందు ఒక్కసారి ఆగు, సుజాతా

చి. సుజాతకి, పెదనాన్న ఆశీస్సులు.

రాత్రి ఫోన్లో నువ్వన్న మాట మనసులోంచి పోక ఈ ఉత్తరం రాస్తున్నాను. "రేపే ఇంకో మేస్త్రీని పెట్టి బాత్రూమ్ టైల్సన్నీ పీకించేస్తాను, ఆ కాంట్రాక్టరు సంగతి తర్వాత చూస్తాను" అన్నావు. ఆ పని మాత్రం చెయ్యకు తల్లీ. ఊళ్లో మన ఇంటికి అతను చేసిన మరమ్మతు బాగా లేదనడానికి నీ దగ్గరున్న పెద్ద సాక్ష్యం చెడిపోయిన ఆ పనే. దాన్ని నువ్వే పీకించేస్తే ఇక మిగిలేది నీ మాటా, అతని మాటా.

ఉద్యోగమంతా పంచాయతీరాజ్ ఇంజనీరింగ్‌లో చేశాను. రిటైరయ్యాక కూడా ఇలాంటి తగాదాలకి ఎవరు పిలిచినా వెళ్తున్నాను. పాలకొల్లు వైపు ఒకాయన ఇలాగే కోపం పట్టలేక రెండు బాత్రూములూ తవ్వించి కొత్తగా వేయించుకున్నాడు. ఆ తర్వాత పాత కాంట్రాక్టరుని డబ్బు అడిగాడు. "నేను వేసినవి బాగానే ఉన్నాయండీ, డిజైను నచ్చక ఆయనే మార్పించుకున్నారు" అన్నాడు కాంట్రాక్టరు. పెద్దమనుషుల దగ్గర చూపించడానికి ఒక్క ఫొటో లేదు, పగిలిన టైలు ముక్క లేదు. రూపాయి వెనక్కి రాలేదు. నీకు అలా జరగకూడదు.

ముందుగా ఏ తప్పు ఎవరిదో విడదీసుకో. అన్నీ అతని నెత్తిన పెడితే నిజంగా అతను చేసిన తప్పు కూడా పలచనైపోతుంది.

హాల్లో గోడ అడుగున చెమ్మ ఉంది కదా, దాని సంగతి వేరు. మన ఇల్లు వరిచేల పక్కన ఉంది. కాలువలు కట్టేసే వేసవిలో గోడ ఆరిపోయి, జూన్‌లో నీళ్లు వదిలాక మళ్లీ మోకాలెత్తు వరకు ఉప్పు పూసి పెయింటు పొట్టు లేస్తుంటే, అది భూమిలోంచి ఎక్కే తడి. మీ నాన్న కట్టినప్పుడు పునాది మీద తడి పైకి ఎక్కకుండా ఆపే డి.పి.సి. అనే పొర వేయలేదు. ఇది ఆ కాంట్రాక్టరు చేసిన తప్పు కాదు. కాకపోతే "మా కెమికల్ పూస్తే చెమ్మ రాదు" అని చెప్పి దానికి విడిగా డబ్బు తీసుకున్నాడేమో కొటేషన్ చూడు. తీసుకుంటే ఆ మాటకి అతనే జవాబుదారీ.

వరండా శ్లాబు కింద పెచ్చులు ఊడుతున్నాయన్నావు. అసలు గొడవ ఇక్కడుంది, కాబట్టి వివరంగా చెప్తాను. మన రాజోలు, సఖినేటిపల్లి వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆ ఉప్పు కాంక్రీటులోకి చేరితే లోపల ఇనుప ఊచ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి, కింద ఉన్న కాంక్రీటుని తోసేస్తుంది. అలాంటి శ్లాబుని బాగుచేయాలంటే వదులైన కాంక్రీటంతా గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కాలి. ఊచ చుట్టూ ఖాళీ చేసి, వైరు బ్రష్‌తో మెరుపు వచ్చేదాకా రుద్ది, తుప్పు ఆపే కోటింగ్ వేయాలి. ఊచ బాగా సన్నబడిపోతే పక్కన కొత్త ఊచ కలపాలి. ఆ తర్వాతే పాలిమర్ కలిపిన మాలుతో పూడ్చాలి. నువ్వు పంపిన ఫొటోలో ఊడిన పెచ్చు లోపలివైపు ఎర్రటి తుప్పు చార చక్కగా అచ్చు పడింది. అంటే తుప్పు మీదే సిమెంటు మాలు కొట్టి, పైన పుట్టీ పెట్టి, పెయింటు వేశాడు. ఆ పెచ్చు పారేయొద్దు. కవర్లో పెట్టి, ఎక్కడ ఊడిందో, ఏ తేదీన ఊడిందో చీటీ రాసి అందులోనే వెయ్యి.

పని జరిగింది మే నెలలో. అప్పుడు కాలువలో నీళ్లుండవు, బోరు నీళ్లతోనే మాలు కలిపి ఉంటారు. ఊచలున్న కాంక్రీటుకి వాడే నీటిలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనులకి మన దేశంలో పాటించే ప్రమాణం ఐ.ఎస్. 456 చెప్తుంది. శుభ్రమైన సీసాలో లీటరు బోరు నీళ్లు పట్టి ల్యాబ్‌లో పరీక్ష చేయించు, ఖర్చు కొద్దిపాటిదే. నీళ్లు మనవే కదా అని అతను అనొచ్చు. పనికిరాని నీళ్లయితే ముందుగా చెప్పాల్సింది పని తెలిసినవాడే.

నీరు పట్టడం గురించి అమ్మని అడుగు. మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పి.పి.సి. సిమెంటుకీ, ఎండలు ముదిరిన రోజుల్లోనూ కనీసం 10 రోజులు కాంక్రీటు తడి ఆరకూడదు. ఎన్ని రోజులు తడిపారో, ఎవరు తడిపారో అమ్మకి గుర్తున్నంతవరకు ఇప్పుడే కాగితం మీద పెట్టించు. పెరట్లో ఖాళీ బస్తాలు ఇంకా ఉన్నాయన్నావు, వాటిని కదపొద్దు. ఏ రకం సిమెంటో, ఏ వారంలో తయారైందో బస్తా మీదే ఉంటుంది.

టైల్స్ సంగతి తేలిక. రూపాయి బిళ్లతో ఒక్కో టైలు మధ్యలో, నాలుగు మూలల్లో తట్టి చూడు. కింద మాలు నిండిన చోట గట్టిగా పలుకుతుంది, లేనిచోట డొల్ల మోత వస్తుంది. డొల్లగా పలికిన ప్రతి టైలు మీదా మార్కరుతో ఇంటూ గుర్తు పెట్టి, గది మొత్తం ఒకే ఫొటోలో వచ్చేలా తియ్యి. తట్టేటప్పుడు వీడియో కూడా తీస్తే ఆ తేడా వినబడుతుంది. నేల వాటం చూడాలంటే బకెట్టు నీళ్లు పోసి, జాలీ వైపు వెళ్తున్నాయో తలుపు దగ్గర నిలుస్తున్నాయో చూడు. ఈ రెండూ పనితనం లోపాలు, అతను తప్పించుకోలేడు. జాలీ మూసి బాత్రూములో రెండు రోజులు నీళ్లు నిలిపి, పక్కగది గోడ చెమ్మగిల్లుతుందేమో చూడొచ్చు. వరండా డాబా మీద మాత్రం అలా నీళ్లు నిలపొద్దు. తుప్పు పట్టిన శ్లాబు మీద ఆ బరువు పెట్టకూడదు. అమ్మని కూడా ఆ వరండా కింద కూర్చోవద్దని చెప్పు. కుర్చీ హాల్లోకి మార్పించు.

ప్లాస్టరింగ్ మీద కనబడే వెంట్రుకవాసి బీటల గురించి బెంగపడకు. గోడ ఈ వైపు నుంచి ఆ వైపుకి కనబడేవీ, పెరుగుతూ పోయేవీ ఉంటే మాత్రం బీట రెండు చివర్లా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వెయ్యి. మన నల్లమట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. బీట ఎదుగుదల ఆ గీతల దగ్గర తెలిసిపోతుంది.

ఇదంతా అయ్యాక సంబంధంలేని ఇంజనీరు చేత చూపించాలి. నా రిపోర్టు పనికిరాదు, నేను నీ పెదనాన్నని. నాకు తెలిసిన పాలిటెక్నిక్ సివిల్ లెక్చరరు ఒకాయన ఒప్పుకున్నారు. లోపం ఏమిటి, కారణమేమిటి, కొలతలెంత, బాగుచేయడానికి ఎంతవుతుంది, ఈ నాలుగూ ఆయన రిపోర్టులో ఉండాలి. ఖర్చు లెక్క ప్రభుత్వం తన పనులకి ఖరారు చేసే ఎస్.ఎస్.ఆర్. అనే రేట్ల పట్టిక మీద కట్టమన్నాను, అప్పుడు అది నోటికొచ్చిన అంకె అని ఎవరూ అనలేరు. ఆయన వచ్చే రోజు కాంట్రాక్టరునీ రమ్మని పిలువు. వస్తే అతని ఎదుటే చూస్తారు. రాకపోతే పిలిచినట్టు కాగితం ఉంటుంది.

రిపోర్టు చేతికొచ్చాక నోటీసు. లాయరే రాయాలని లేదు. కోపం మాటలు ఒక్కటి కూడా వద్దు. ఇలా ఉంటే చాలు: "ఫలానా తేదీన మీరిచ్చిన కొటేషన్ ప్రకారం 5,60,000 రూపాయలకి పని ఒప్పుకున్నారు. ఇప్పటికి 4,80,000 చెల్లించాను. ఇంజనీరు రిపోర్టులో చెప్పిన లోపాలు ఇవి. ఈ నోటీసు అందిన 15 రోజుల్లో మీ ఖర్చుతో సరిచేయండి. లేదంటే వేరేవాళ్లతో చేయించి ఆ ఖర్చు మీ దగ్గర వసూలు చేసుకుంటాను." రిపోర్టు నకలు జతచెయ్యి. రిజిస్టరు పోస్టు ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, అందినట్టు సంతకం వచ్చేలా స్పీడ్ పోస్టు చేసి, అదే వాట్సాప్‌లోనూ పెట్టు. బాగుచేసే అవకాశం అతనికి నిజంగానే ఇవ్వాలి. నోటీసు చూసి మేస్త్రీలని వెంటబెట్టుకొచ్చి మళ్లీ చేసి వెళ్లినవాళ్లని నేను చూశాను. వస్తే గొడవ పెట్టుకోకుండా పని చేయించుకో. కాకపోతే ఏ పద్ధతిలో చేస్తాడో ముందు రాయించుకో, లేకపోతే మళ్లీ తుప్పు మీదే పూత పూస్తాడు.

మిగిలిన 80,000 "ఎగ్గొడుతున్నాను" అన్నట్టు మాట్లాడకు. లోపాలు సరిచేసేదాకా ఆపి ఉంచాననే ప్రతిచోటా రాయి. కూలీలకి ఇవ్వలేదని ఎవరినైనా ఇంటి ముందుకి పంపితే అమ్మ తొందరపడి డబ్బు ఇవ్వకూడదు. ఒకవేళ ఇవ్వాల్సి వచ్చినా కాంట్రాక్టరు సంతకంతో, బిల్లులో తగ్గించుకునేలా ఇవ్వండి.

పెరట్లో వదిలేసిన అతని సెంట్రింగ్ పలకలు, మిక్సరు తిరిగి ఇవ్వకుండా ఆపేయమని చుట్టుపక్కలవాళ్లు సలహా ఇస్తారు. ఆపొద్దు. కేసు మన మీదకి తిరుగుతుంది. అడిగితే లిస్టు రాసి సంతకం పెట్టించుకుని ఇచ్చెయ్యి. ఊరి వాట్సాప్ గ్రూపులో అతన్ని దొంగ అని రాయొద్దు. పోలీస్ స్టేషన్ వల్లా ప్రయోజనం లేదు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించగలిగితే తప్ప, పని నాసిగా చేయడం సివిల్ వ్యవహారమే. రెరా అనే స్థిరాస్తి చట్టం కూడా కొత్తగా కట్టి అమ్మే ప్రాజెక్టులకే, ఇంటి మరమ్మతుకి వర్తించదు.

ఊళ్లో పెద్దమనుషులు కూర్చుంటామంటే వెళ్లు. మన ప్రాంతంలో చాలా తగాదాలు అక్కడే తెమిలిపోతాయి, నాకు అది ఇష్టమే. కానీ నోటి మాటతో లేచి రావొద్దు. ఎంత, ఎప్పటిలోగా, ఏ పని, అన్నీ రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. అంతకంటే గట్టి దారి లోక్ అదాలత్. కేసు వేయకముందే న్యాయసేవల సంస్థకి అర్జీ పెట్టుకుంటే ఇద్దరినీ పిలుస్తారు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, కాబట్టి నువ్వైనా అమ్మైనా అడగొచ్చు. ఫోన్ నంబరు 15100.

ఏదీ కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవ అనే మాట కిందకి ఇంటి నిర్మాణం కూడా వస్తుంది. అతను మెటీరియల్‌తో సహా మొత్తం పని ఒప్పుకున్నాడు కాబట్టి మన కేసు గట్టిగా ఉంటుంది. రోజుకూలీకి మనుషుల్ని పెట్టుకుని మనమే దగ్గరుండి చేయించిన పనైతే ఇంత బలం ఉండేది కాదు. 50 లక్షల వరకు చెల్లించిన వ్యవహారాలు జిల్లా కమిషనే చూస్తుంది. 5 లక్షల వరకు ఫీజు లేదు, నువ్వు కట్టింది 4,80,000. లాయరు లేకుండా నువ్వే వాదించుకోవచ్చు, వినియోగదారుల కేసుల వెబ్‌సైటు ఈ-జాగృతిలో ఆన్‌లైన్‌గానూ వేయొచ్చు. లోపం బయటపడిన దగ్గర్నుంచి రెండేళ్లలోపు వేయాలి. రాజీ మాటలతో ఆ గడువు కరగనివ్వకు. అవతలివాళ్లకి కమిషన్ నోటీసు అందాక 3 నెలల్లో, పరీక్షలు అవసరమైతే 5 నెలల్లో తేల్చాలని చట్టం చెప్తుంది. నడిచేది అంతకంటే ఎక్కువే, ఓపిక పట్టాలి.

హైదరాబాద్‌లో ఉంటున్నావు కాబట్టి అక్కడా వేయొచ్చు. కానీ నన్నడిగితే ఇక్కడే వెయ్యమంటాను. ఇల్లు చూసి రమ్మని కమిషన్ ఎవరినైనా పంపాల్సి వస్తే దగ్గరగా ఉంటుంది. నువ్వు ఫోన్ పేలో పంపిన డబ్బుల వివరం బ్యాంకు స్టేట్‌మెంటుగా తీసి పెట్టు. అతనితో నడిచిన వాట్సాప్ సంభాషణ ఒక్క మెసేజ్ కూడా డిలీట్ చెయ్యకు, ఆ ఫోను మార్చకు. ప్రింటు తీసి ఇచ్చేటప్పుడు ఆ ఎలక్ట్రానిక్ రికార్డు సరైనదేనని ధృవీకరించే 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి.

ఎంత అడగాలి అన్నావు. ఇంజనీరు చెప్పిన మరమ్మతు ఖర్చు, పరీక్షల ఖర్చు, అమ్మ పడ్డ ఇబ్బందికి న్యాయంగా తోచిన మొత్తం, కేసు ఖర్చులు. మొత్తం ఇల్లు కొత్తగా కట్టించుకునేంత అడిగితే మనకే మర్యాద పోతుంది. ఆపి ఉంచిన 80,000 అందులో తగ్గించి చూపించు.

లెక్చరరుగారు ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వస్తానన్నారు. కాంట్రాక్టరుకి ఆ టైము ఈ రోజే మెసేజ్ పెట్టి, నీలం టిక్కులు వచ్చాక స్క్రీన్‌షాట్ తీసి ఉంచు. పాత కొటేషన్ కాగితం అమ్మ బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం కవర్లో ఉందట, నువ్వు శనివారం రాత్రికే వచ్చి తీసి పెట్టుకో. డాబా ఎక్కడానికి నిచ్చెన నేను తెస్తాను.

మీ పెదనాన్న