గుండు వదలగానే సున్నా అనాలి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న దీవెనలు.

బీఈడీ కాలేజీలో ఫిజికల్ సైన్స్ మెథడాలజీ చెప్పబోతున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. వర్చువల్ ల్యాబ్ ఎలా వాడమంటారని అడిగావు. ధైర్యంగా వాడు. కానీ నేను చేసిన పొరపాటు నువ్వు చేయకు.

మొదటి ఏడాది ఫెట్ వాళ్ల లోలకాన్ని తెరమీద చూపించాను. కంప్యూటర్‌లో చేసి చూసే సైన్స్ ప్రయోగాలు, అంటే సిమ్యులేషన్లు, తయారుచేసే ప్రాజెక్టు అది, 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలైంది. అందులో ఆవర్తన కాలాన్ని, అంటే గుండు ఒకసారి అటు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని, తనే కొలిచిపెట్టే గడియారం ఒకటుంది. దాంతో అందరికీ గురుత్వ త్వరణం (జి) విలువ 9.8 వచ్చేసింది. నేను మురిసిపోయాను.

తర్వాత టీచింగ్ ప్రాక్టీసులో మా బీఈడీ విద్యార్థి ఒకడు మీటరు లోలకం కట్టి, పిల్లల చేత 20 డోలనాలు లెక్కపెట్టించాడు. 40 సెకన్లు పట్టాల్సింది, 38కే అయిపోయాయి. జి 10.9 తేలింది. పిల్లలు ‘ఎందుకు సార్?’ అంటే జవాబు తోచక బోర్డు తుడిచేశాడు. వెనక బెంచీలో ఉన్న నాకు సంగతి అర్థమైంది. గుండు వదలగానే లెక్కపెట్టే పిల్లాడు ‘ఒకటి’ అన్నాడు. ‘సున్నా’ అనాలి. లెక్క 20, ఊగింది 19. తెరమీది గడియారం ఆ తప్పు చేయదు కాబట్టి మావాడికి అది ఎన్నడూ ఎదురుకాలేదు. ఆ లోటు నాదే.

అందుకని ముందు కాగితం మీద రాయించు: గుండు బరువు రెట్టింపు చేస్తే కాలం మారుతుందా? పొడవు నాలుగో వంతు చేస్తే? రాశాకే తెర తెరువు. ఆ గడియారం ముట్టుకోనివ్వకు, స్టాప్‌వాచీతోనే కొలవమను. చంద్రుడి మీద ఊపించు, అది మన గదిలో ఎలాగూ కుదరదు. జి ఎంతో చెప్పని ‘గ్రహం ఎక్స్’ కూడా ఉంది, దాని విలువ కనిపెట్టమను. అదే పీరియడ్‌లో దారం, గుండు చేతికివ్వు. భూమి మీద తెర ఇచ్చిన అంకె, చేతికొచ్చిన అంకె పక్కపక్కన రాయించి, తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్కొక్కరి చేతా చెప్పించు. నన్నడిగితే మార్కులు వేయాల్సింది ఆ మాటలకే.

సర్క్యూట్లకూ ఇంతే. బల్బు వెలగకపోతే ఏ కొస నుంచి వెతకాలో నిజం తీగలే నేర్పుతాయి. కానీ బల్బుకు ముందూ వెనకా ఎలక్ట్రాన్లు ఒకేలా కదలడం తెరే చూపిస్తుంది. బల్బు కరెంటును తినేస్తుందనుకునే వాళ్లు బీఈడీలోనూ ఉంటారమ్మా.

సిమ్యులేషన్లు ముందే డౌన్‌లోడ్ చేయించు, నెట్ లేని బడిలోనూ నడుస్తాయి. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి.

సెలవులకు వచ్చినప్పుడు నా ఇత్తడి గుండు, దారాన్ని బిగించి పట్టే చీలిక కార్కు పట్టుకెళ్లు. పొడవు గుండు మధ్యదాకా కొలవాలి, అడుగుదాకా కాదు.

ఆశీస్సులతో,
పెదనాన్న