గుణుపురం నుంచి సదరన్ ఆల్ప్స్‌కి: మొదటి కొండవేటకు బయలుదేరే తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసింది చదివాను. మెల్‌బోర్న్‌లో ఉద్యోగం, మే చివర్లో ఆఫీసు స్నేహితులతో న్యూజిలాండ్‌లోని సదరన్ ఆల్ప్స్ కొండల్లో తార్ అనే అడవిమేక వేట, ఇప్పుడు సెలవు మీద గుణుపురంలో ఉన్నావు. ఏ రైఫిల్ కొనాలి అని అడిగావు. ఈసారికి ఏదీ కొనకు. మన గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి పిల్లలకి కొండ కొత్త కాదు, మంచు పడ్డ కొండ కొత్త. క్రైస్ట్‌చర్చ్‌లో స్థిరపడ్డాక మొదటిసారి వేటకు వెళ్లినవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లు వెనక్కి తగ్గింది గురి కుదరక కాదు, మోకాళ్లు నిలవక.

అందుకే ఈ సెలవుల్లోనే మొదలుపెట్టు. వీపుసంచిలో పదిహేను కేజీల బియ్యం మూట వేసుకుని మహేంద్రగిరి ఎక్కు. అది 1,501 మీటర్లు. కుదిరితే కోరాపుట్ వైపు వెళ్లి దేవమాలి కూడా చూడు, 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం. బండి వెళ్లే దారి ఉంది కదా అని బండెక్కకు. ఎక్కడం కన్నా దిగడం ముఖ్యం. బరువుతో దిగేటప్పుడు తొడలు వణికితే, అక్కడ తడిసిన గడ్డి వాలు మీద అదే వణుకు ప్రాణం మీదికి తెస్తుంది. కొన్న బూట్లు ఈ కొండల మీదే అరగదియ్యి. కొత్త బూట్లతో విమానం ఎక్కావా, రెండో రోజుకి మడమలు ఊడొస్తాయి.

ఇంకో మాట గట్టిగా చెప్తాను. ప్రాక్టీసు పేరుతో ఊళ్లో ఎవరి నాటు తుపాకీ ముట్టుకోకు. చైత్ర మాసంలో మన కొండల్లో వేటకు బయలుదేరడం కొన్ని ఊళ్లలో ఆనవాయితీ, నాకూ తెలుసు. రమ్మంటారు, మర్యాదగా కాదను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వేట నేరం. ఆ చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలు జంతువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. లైసెన్సు లేని తుపాకీ ఆయుధాల చట్టం కింద వేరే కేసు. అలాంటి కేసు ఒకటి మెడకు చుట్టుకుంటే వీసాకీ, తర్వాత తుపాకీ లైసెన్సుకీ అడ్డం పడుతుంది. గురి నేర్చుకోవాలంటే మెల్‌బోర్న్ వెళ్లాక రేంజ్‌లో, నేర్పేవాళ్ల పక్కన నేర్చుకో.

మీ అమ్మగారు జీవహింస అంటున్నారని రాశావు. ఆవిడ మాట కొట్టిపారెయ్యకు, కూర్చుని చెప్పు. న్యూజిలాండ్‌లో గబ్బిలాలు తప్ప నేలమీద బతికే స్థానిక క్షీరదాలు లేవు. తార్ మన హిమాలయాల జంతువు. ఇంగ్లండ్ నుంచి తెచ్చి 1904లో మౌంట్ కుక్ దగ్గర వదిలారు. అక్కడ దాన్ని తినే పులీ లేదు, చిరుతా లేదు. మందలు పెరిగి, కొండపైన ఉండే టస్సాక్ గడ్డినీ, వేరెక్కడా దొరకని మొక్కల్నీ మేసేశాయి. 1993 ప్రణాళికలో ప్రభుత్వం తార్‌ల సంఖ్య పదివేలు దాటకూడదని గీత గీసింది. హెలికాప్టర్ల నుంచి ప్రభుత్వమే కాల్పిస్తుంది కూడా. అదే తార్ మన దేశంలో మొదటి షెడ్యూలులో, పూర్తి రక్షణలో ఉంది. ఈ రెండూ ఆవిడకి చెప్పు. ఒప్పుకోకపోతే కెమెరా, బైనాక్యులర్ పట్టుకుని వెళ్లు. అదీ మంచి ప్రయాణమే, నా మాట నమ్ము.

కాగితాలు. నువ్వు ఆస్ట్రేలియాలో తాత్కాలిక వీసా మీద ఉన్నావు కాబట్టి న్యూజిలాండ్‌కి విజిటర్ వీసా వేరే తీసుకోవాలి, టిక్కెట్లు కొనకముందే. ప్రభుత్వ భూముల్లో వేటకు అక్కడి కన్సర్వేషన్ శాఖ పర్మిట్ తప్పనిసరి. ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తారు, అందరూ ఎవరిది వాళ్లు తీసుకోవాలి. తుపాకీకి రెండు దార్లు. ఒకటి, విజిటర్ తుపాకీ లైసెన్సు, గరిష్ఠంగా ఏడాది చెల్లుతుంది. రెండోది, లైసెన్సున్న మనిషి ప్రత్యక్ష పర్యవేక్షణలో కాల్చడం. అంటే ఆయన నీకు చెయ్యందేంత దూరంలో ఉండాలి, ఆ సమయంలో ఆయన చేతిలో వేరే తుపాకీ ఉండకూడదు. నీకు రెండోదే సరి. డబ్బులిచ్చి గైడుని పెట్టుకుంటే మాత్రం ప్రభుత్వ భూమిలో గైడింగ్‌కి ఆయనకి అనుమతి ఉందో లేదో ముందే అడుగు.

అడవి దాటి పైకెళ్లాక వేటంటే ఎక్కువసేపు కూర్చోవడమే. ఎదుటి వాలు మీద గోధుమరంగు బండ ఒకటి కనిపిస్తుంది. బైనాక్యులర్ కదపకుండా చూస్తూ ఉండు. గాలి వీచినప్పుడు ఆ బండ మెడ చుట్టూ జూలు ఊగితే అది మగ తార్. మే, జూన్‌లలో వాటికి జూలు నిండుగా ఉంటుంది. అదే వాలు మీద ఇంకో వేటగాడు కూడా ఉండొచ్చు. అందుకే అక్కడ అందరికీ నేర్పే ఏడు నియమాల్లో లక్ష్యం ఏమిటో ఏ సందేహమూ లేకుండా తేల్చుకోవడం ఒకటి. కదలిక, రంగు, చప్పుడు, వీటిని చూసి ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. మొత్తం జంతువు కనబడాలి, దాని వెనక ఏముందో కనబడాలి. ఇంకో లెక్క కూడా వేసుకో. తగిలాక అది ఎక్కడ పడుతుంది? తార్ నిలబడేది కొండచరియ అంచుల్లో. లోయలోకి జారితే నువ్వు చేరలేవు, మాంసం వృథా. చేరలేని చోట ఉన్నదాన్ని వదిలెయ్యి. రాత్రి బస చేసే గుడిసెకి రాగానే తుపాకీ ఖాళీ చేసి బోల్ట్ (తూటాని లోపలికి నెట్టే భాగం) తీసి వేరేచోట పెట్టాలి, ఆ తర్వాతే టీ నీళ్లు.

ఏరు సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. మన ఊళ్లో చినుకు లేకపోయినా పైకొండల్లో కురిస్తే వంశధార పొంగడం చూసినవాడివి. సదరన్ ఆల్ప్స్‌లో వాయవ్యపు గాలి మొదలైతే పడమటి వైపు కుండపోత, ఉదయం మోకాలిలోతున్న ఏరు సాయంత్రానికి దాటలేనిదవుతుంది. దాటలేనప్పుడు ఇవతలే ఆగు, తిరుగు టిక్కెట్టు పోతే పోయింది. అందుకే ప్రయాణంలో ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకుని, తిండి కూడా ఒకరోజుకి ఎక్కువ మొయ్యి. మే చివరికి మంచు పడొచ్చు. క్రాంపాన్లు (బూట్లకి కట్టుకునే ఇనుప ముళ్లు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) అవసరమైన చోటికి, వాటిని వాడటం రాకుండా వెళ్లొద్దు. ఆ వారం మంచుచరియలు విరిగిపడే హెచ్చరికలు చూసుకునే బయలుదేరండి. నూలు బట్టలు మానెయ్యి, తడిస్తే ఆరవు. ఉన్నివే నయం.

న్యూజిలాండ్ విమానాశ్రయం దగ్గర మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది మట్టితో, పచ్చళ్లతో. బూటు అడుగు గాళ్లలో మహేంద్రగిరి మట్టి, గడ్డి విత్తనం ఒక్కటి కూడా ఉండకూడదు. పాత టూత్‌బ్రష్షూ, పుల్లా పట్టుకుని ఒక్కో గాడీ గీకి, సబ్బునీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టు. టెంటు, మేకులు కూడా అంతే. వేట సామాను, బూట్లు, ఆవకాయ, పొడులు, నెయ్యి, అన్నీ అరైవల్ ఫారంలో ఒప్పుకో. ఒప్పుకున్నవాటిని చూసి ఉంచుతారో తీసేస్తారో వాళ్లిష్టం. ఒప్పుకోకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా.

కొమ్ములు గుణుపురం ఇంట్లో గోడకు పెట్టాలని రాశావు చూడు, ఆ ఆలోచన మానుకో. మొదటి షెడ్యూలు జంతువు భాగాలు మన దేశంలో నీ దగ్గర దొరికితే ఎక్కడ కాల్చావన్నది తర్వాతి మాట. మెల్‌బోర్న్‌కి తేవాలన్నా అక్కడి క్వారంటైన్ నిబంధనలు వేరు. ఫొటో తీసుకుని, కొమ్ములు అక్కడి స్నేహితుడి దగ్గరే ఉంచు. మాంసం అక్కడే వండుకోండి. మగ తార్ మాంసం గట్టిగా ఉంటుంది, వెల్లుల్లీ మిరియాలూ దట్టించి నిదానంగా ఉడికించాలి.

బయలుదేరే ముందు వాగు పేరు, గుడిసె పేరు, తిరిగొచ్చే రోజు, గంట, అన్నీ రాసి కొండకి రాని మనిషి ఒకరి చేతిలో పెట్టు. ఫోన్ సిగ్నల్ ఉండదు, కాబట్టి ప్రమాదంలో నొక్కితే నువ్వున్న చోటు తెలిపే లొకేటర్ బీకన్ అద్దెకు తీసుకుని సంచిలో కాకుండా ఒంటిమీదే ఉంచుకో. చెప్పిన గంట దాటితే అక్కడి అత్యవసర నంబరు 111కి ఫోన్ చెయ్యాలని ఆ మనిషికి చెప్పు. ఆ మనిషి నేనే కావాలంటే రాయి, ఆ వారం నేను ఊళ్లోనే ఉంటాను. మీ అమ్మగారికి మాత్రం నువ్వు చెప్పే తేదీ అసలు తేదీకి ఒకరోజు తర్వాతది కావాలి. వాన వల్ల ఒక రాత్రి గుడిసెలో ఆగిపోతే గుణుపురంలో ఆవిడ నిద్ర మానుకుని కూర్చోకుండా ఉంటారు.