కాలువ వదిలాక కూడా ఒకసారి వెళ్ళి చూడాలి

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. మాది కడియం దగ్గర, నాన్నకి నర్సరీ ఉంది, నేను ఇంటర్ ఎంపీసీ సెకండియర్. బొటానికల్ గార్డెన్లు, పెద్ద పార్కులు డిజైన్ చేసే లాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అవ్వాలని ఉంది. నాన్నేమో మొక్కలు పెట్టడానికి ఏడేళ్ళ చదువెందుకే, మన కూలీలే లాన్‌లు వేసేస్తున్నారు కదా అంటున్నారు. ఆయనకి ఏం చెప్పమంటారు?
- ఒక పాఠకురాలు, కడియం

జవాబు: లాన్ వేయడంలో మీ నర్సరీవాళ్ళకున్న చెయ్యి నాకు లేదమ్మా, నాన్నగారు అన్నదాంట్లో ఆ మాట నిజమే. కానీ మా లాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌ల పనిలో మొక్క ఆఖర్న వస్తుంది. ముందు నీళ్ళు ఎటు పోతాయి, మట్టి ఏంటి, జనం ఎటు నడుస్తారు, ముసలివాళ్ళు ఎక్కడ కూర్చుంటారు, ఇవన్నీ తేలాకే మొక్క.

నా మొదటి పార్క్ మన డెల్టాలోనే, ఒక కాలువ పక్కన. సర్వేకి మే నెలలో వెళ్ళాను, కాలువలకి నీళ్ళు కట్టేసి ఉన్నాయి, నేలంతా నెర్రెలు, మూడడుగులు తవ్వించినా పొడి బంకమట్టే, దాన్ని నమ్మి డ్రాయింగ్ గీసేశా. మొక్కలు పెట్టారు, కాలువకి నీళ్ళు వదిలారు, పైన వానలు, అదే చోట మళ్ళీ తవ్విస్తే అడుగున్నరకే ఊట. వాడిపోతున్న పొగడ మొక్క ఒకటి పీకి చూస్తే వేళ్ళు నల్లబడి, పట్టుకుంటే తోలు ఊడి చేతికొచ్చేస్తోంది, ఆ కుళ్ళు వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. తప్పు నాదే. తర్వాత పల్లాన్ని ఇంకా లోతు చేసి చెరువుగా వదిలేసి, ఆ మట్టితోనే పక్కన దిబ్బలు పోయించి చెట్లు వాటి మీద పెట్టించాను, బోదెలు తీసి వాన నీళ్ళు చెరువులోకి తిప్పాం. ఇప్పుడు ఏ స్థలమైనా మేలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి చూడందే పెన్సిల్ పట్టను. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ కూడా చాలాచోట్ల బురద నేలే, 1858లో ఓమ్‌స్టెడ్, వాక్స్ అనే ఇద్దరి ప్లాన్ ఒప్పుకున్నాక మురుగు తీసి, చెరువులు తవ్వి తయారుచేసిందే.

నాన్నగారికి ఢిల్లీ సుందర్ నర్సరీ ఫొటోలు చూపించు. బ్రిటిష్ కాలంలో కొత్త ఢిల్లీ కోసం మొక్కలు పెంచి పరీక్షించిన నర్సరీ అది, మొహమ్మద్ షహీర్ అనే లాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ డిజైన్‌తో 90 ఎకరాల పార్క్ అయ్యి 2018లో జనానికి తెరిచారు. నర్సరీ నుంచి పార్క్ దాకా ఎంత దూరమో ఆయనకే అర్థమవుతుంది.

బొటానికల్ గార్డెన్ అయితే ఇంకో మెట్టు పైన. అక్కడ ప్రతి మొక్కకీ నంబర్, రేకు బిళ్ళ, ఎక్కడినుంచి వచ్చింది, ఎప్పుడు నాటారు అని రిజిస్టర్ ఉంటుంది, అది లేకపోతే ఎంత అందంగా ఉన్నా ఉత్త తోటే. ఇదీ మనకి కొత్త కాదు, 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళకముందు విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు మన సామర్లకోటలోనే ఉండి మొక్కల్ని పెంచి, బొమ్మలు గీయించి, తెలుగు పేర్లతో సహా రాసుకున్నాడు. మన పిల్లలకి ఈ సంగతి ఎవరూ చెప్పరు, నాకు బాధేస్తుంది.

చదువు సంగతి, నీది ఎంపీసీ కాబట్టి ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్షలైన నాటా గానీ జేఈఈ మెయిన్ పేపర్ టూ గానీ రాసి బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) ఐదేళ్ళు, ఆపైన లాండ్‌స్కేప్‌లో ఎంఆర్క్ (పీజీ) రెండేళ్ళు. విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లోనే ఉంది ఆ ఎంఆర్క్ కోర్సు, దూరం పోనక్కర్లేదు. మొదటి నాలుగైదేళ్ళు జీతం తక్కువ, పని ఎక్కువ, ఇది దాచి చెప్పను. సెలవుల్లో మాత్రం నర్సరీ వదలకు, ఏ మొక్క పదేళ్ళకి ఎంత గొడుగు పడుతుందో నాన్నని అడిగి నోట్‌బుక్‌లో రాసుకో, అది ఏ కాలేజీలోనూ దొరకదు.

ప్రశ్న: మా ఊరు సముద్రానికి దగ్గర, ఉప్పు గాలి. పంచాయతీ పార్కులో ఏ చెట్లు పెట్టాలి?
- ఒక పాఠకుడు, అమలాపురం దగ్గర

జవాబు: గంగరావి, పొన్న, కానుగ, ఈ మూడూ ఉప్పు గాలికి తట్టుకుంటాయండీ. గాలి వచ్చేవైపు ఒత్తుగా రెండు మూడు వరసలు పెట్టించండి, పూల మొక్కలు వాటి చాటున. 1996 నవంబర్ తుఫాన్‌కి కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా పడిపోయాయో మీరూ చూసే ఉంటారు, అందుకని బెంచీల మీదకి ఒక్క కొబ్బరి చెట్టు కూడా రానివ్వకండి.