కలుషిత భూగర్భ జలాల సర్వేలోకి వెళ్లాలంటే ముందు బోర్ లాగ్ రాయడం రావాలి

ప్రశ్న: ఎమ్మెస్సీ జియాలజీ చివరి ఏడాదిలో ఉన్నాను. భూగర్భ జలాలు కలుషితమైన స్థలాల్లో సర్వే చేసే ఉద్యోగాలపై ఆసక్తి ఉంది. కెమిస్ట్రీలో అంత పట్టు లేదు. నాకు కుదురుతుందా? ఏం నేర్చుకోవాలి?

జవాబు: కుదురుతుంది. నీళ్లలో ఏ రసాయనం ఎంతుందో ల్యాబ్ చెబుతుంది. అది ఎటు నుంచి వచ్చింది, ఏ పొరలోంచి ఎటు పోతోంది అన్నది తేల్చాల్సింది మీరు. అది అచ్చంగా జియాలజీ పనే.

అన్నిటికంటే ముందు బోర్ లాగ్, అంటే బోరు వేస్తుంటే ఏ లోతులో ఏ మట్టి వచ్చిందో రాసే రికార్డు. పైకొచ్చిన మట్టిని చేత్తో నలిపి రంగు, రేణువు సైజు, తేమ, లోతు అక్కడికక్కడే రాయాలి. వాసన తగిలితే అదీ రాయాలి గానీ, కావాలని ముక్కు దగ్గర పెట్టుకోవద్దు, దానికి ఆవిరయ్యే రసాయనాలను గాలిలో పసిగట్టే పీఐడీ మీటరు ఉంది. పలచని బంకమట్టి పొరనైనా వదలకూడదు. ఎందుకంటే ట్రైక్లోరోఎథిలీన్ లాంటి ద్రావణి సాంద్రత సుమారు 1.46, అంటే నీటికంటే బరువు. నీటిమట్టం దాటి దిగిపోయి, బంకమట్టి మీద చేరి, ఆ పొర వాలు ఎటుంటే అటు జారుతుంది. ఒక్కోసారి నీటి ప్రవాహానికి ఎదురుగా కూడా. పెట్రోలైతే పైనే తేలుతుంది. పొరను గమనించకుండా బోరు దింపేస్తే కింది నీళ్లలోకి కాలుష్యానికి మనమే దారి తెరిచినట్టు. అందుకే బంకమట్టిలోకి కొద్దిగా దిగాక ఆపి, కేసింగ్ (బోరు గోడకు అడ్డుగా పైపు) వేసి, దాని చుట్టూ పోసిన గ్రౌట్ (సిమెంట్ ముద్ద) గట్టిపడ్డాకే చిన్న సైజు బిట్‌తో ముందుకెళ్తారు.

తర్వాత మానిటరింగ్ బావి, అంటే నీటిమట్టం కొలవడానికి, నమూనాలు తీయడానికి వేసేది. మామూలుగా 50 మి.మీ. పీవీసీ పైపు, దాని స్లాట్ల (నీరు లోపలికొచ్చే సన్నని చీలికల) చుట్టూ జల్లించిన ఇసుక, దానిపైన బెంటొనైట్ (తడిస్తే ఉబ్బే బంకమట్టి), ఆపైన సిమెంట్ గ్రౌట్. బెంటొనైట్ నాని ఉబ్బకముందే తొందరపడి గ్రౌట్ పోస్తే సిమెంటు స్లాట్ల దాకా దిగుతుంది. సిమెంటుకు క్షార గుణం ఎక్కువ కాబట్టి, పీహెచ్ 11 చూపించే బావిని ముందు ఈ విషయంలోనే అనుమానించాలి.

ప్రవాహ దిశ తెలియాలంటే ఒకే గీత మీద లేని బావులు కనీసం 3 కావాలి. నీటిమట్టం వాలు 0.001 ఉన్న చోట 30 మీటర్లకు మట్టం తేడా 3 సెం.మీ. మాత్రమే. పైపు అంచు ఎత్తు కొలవడంలో అంత తప్పు జరిగితే దిశే తారుమారు కావచ్చు. కాబట్టి లెవెలింగ్ (ఎత్తులు కొలిచే సర్వే) బాగా సాధన చేయండి.

నీటి వేగానికి డార్సీ సూత్రం: పారగమ్యతను వాలుతో హెచ్చించి, ప్రభావక రంధ్రత (నీరు కదిలే ఖాళీల వంతు)తో భాగించాలి. పారగమ్యత రోజుకు 10 మీటర్లు, వాలు 0.002, ప్రభావక రంధ్రత 0.25 అయితే నీరు రోజుకు 8 సెం.మీ., ఏడాదికి దాదాపు 29 మీటర్లు కదులుతుంది. గట్టి రాతి ప్రాంతంలో ఈ లెక్కను నమ్ముకోకండి, అక్కడ నీరు పగుళ్ల వెంట పోతుంది. నేల విద్యుత్‌ను ఎంత అడ్డుకుంటుందో కొలిచే రెసిస్టివిటీ సర్వే కూడా ఒంటరిగా సరిపోదు: రీడింగ్ తక్కువొస్తే అది బంకమట్టి కావచ్చు, లవణాలు చేరిన నీరూ కావచ్చు. బోరు వేసి చూడాల్సిందే.

కెమిస్ట్రీలో పీహెచ్, రెడాక్స్ (ఆక్సీకరణ, క్షయకరణ), ద్రావణీయత, మట్టికి అంటుకునే గుణం, ఈ నాలుగూ గట్టిగా చదివితే మొదటి ఉద్యోగానికి చాలు. సాఫ్ట్‌వేర్లలో మ్యాపులకు క్యూజీఐఎస్ ముందు, భూగర్భ జల ప్రవాహాన్ని లెక్కించే మాడ్‌ఫ్లో తర్వాత. ఈ సెలవుల్లో ఏదైనా డ్రిల్లింగ్ సైట్‌లో అనుమతి అడిగి, రిగ్ పక్కన నిలబడి ఒక బోరుకు మొదటి నుంచి చివరి దాకా లాగ్ రాయండి. దాన్ని అనుభవమున్న జియాలజిస్టు లాగ్‌తో పోల్చి, ఎక్కడ తేడా వచ్చిందో అడగండి.